నాలుగు వేళ్ల బూడిద

రాహేలమ్మగారు నా చేతిలో పెట్టిన వస్తువు మహా అయితే అర కిలో ఉంటుంది. గుండ్రటి తోలు డబ్బీ, పక్కన మడిచే ఇత్తడి పిడి, లోపల చుట్టుకుని పడుకున్న ఇనుప టేపు. బొగ్గుబాయిలో ఫిట్టర్లు వాడే రకం. తోలు అంచులు అరిగిపోయి, చేతి చెమటకు నల్లబడి నున్నగా తయారైంది. ఇప్పుడది ఖమ్మంలో మా ఇంట్లో, భోజనాల బల్ల మీద, నా మందుల డబ్బా పక్కన ఉంది. బల్లకు నాలుగు కుర్చీలు ఉన్నాయి గానీ కూర్చునేదాన్ని నేనొక్కదాన్నే. మా వారు పోయి ఆరేళ్లయింది, మాకు పిల్లలు లేరు. పాలబ్బాయితో, కూరగాయల బండి ఆమెతో తప్ప ఎవరితోనూ మాట్లాడని రోజులు వారంలో సగం ఉంటాయి. ఒంటరితనం గురించి పెద్ద పెద్ద మాటలు చెప్పను. అది పాతబడిన చెప్పు లాంటిది, ఇక కరవదు. కానీ ఈ టేపు ఇంట్లోకి వచ్చిన దగ్గర్నుంచీ మళ్లీ కరుస్తోంది.

ఆ టేపు దేవసహాయం సార్‌ది, రాహేలమ్మగారు ఆయన భార్య. ఆయన పోయినట్టు నెల కిందట పేపర్లో, జిల్లా పేజీలో చదివాను. అగ్గిపెట్టంత ఫొటో, మెడలో విజిల్. వయసులో ఉండగా కంపెనీ జట్టుకు ఆడారని, తర్వాత ఎందరో ఆడపిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పారని, ముసలితనంలోనూ రిఫరీగా మైదానంలో నిలబడ్డారని, అందరూ ఆయన్ను ‘టేపు సార్’ అని పిలుచుకునేవారని రాశారు. ఆడిన, నేర్పిన, తీర్పు చెప్పిన మనిషి జీవితమంతా నాలుగు వేళ్ల వెడల్పు వార్తలో పట్టింది. రెండుసార్లు చదివి, పేపరు మడిచి, పప్పు పొయ్యి మీద పెట్టాను. అంత్యక్రియలకు వెళ్లలేదు. నలభై ఏళ్లకు పైగా ఆయనతో మాట్లాడని మనిషిని, ఏ మొహంతో వెళ్తాను? ఎందుకు మాట్లాడలేదో చెప్పాలంటే ఇల్లందు బొగ్గు కంపెనీ క్వార్టర్ల దాకా వెనక్కి వెళ్లాలి.

మా నాన్న బోనకల్ దగ్గరి పల్లె వదిలి బాయి పనికి వచ్చినవాడు. మాకు రెండు గదుల క్వార్టరు, వెనక చిన్న దొడ్డి. పొద్దున్నే ప్రతి ఇంటి ముందూ బొగ్గుల పొయ్యి రాజుకునేది. ఆ పొగ తెల్లగా, లావుగా లేచి వీధంతా కమ్మేసేది, బడికి వెళ్లే పిల్లల జుట్టుకు అదే వాసన. అమ్మ ఉతికి ఆరేసిన తెల్లబట్టలు ఎప్పుడూ పూర్తిగా తెల్లగా ఉండేవి కావు. బాయి దిగి ఇంటికొచ్చిన నాన్న స్నానం చేసి, కళ్లకింద కాటుకలా మిగిలిన నలుపును తువాలు కొసతో తుడుచుకుంటూ, అన్నం ముందు కూర్చుని మాట్లాడేవాడు కాదు. ఆయన తినే దాకా మేమూ మాట్లాడకూడదు. నాకు ఆ మౌనం ఉక్కపోతలా ఉండేది. పరిగెత్తి ఎక్కడికైనా పోవాలనిపించేది. పోవడానికి ఒకటే చోటుంది: మా క్వార్టర్ల వరసకు రెండు వీధుల అవతల ఉన్న బాస్కెట్‌బాల్ కోర్టు.

దేవసహాయం సార్ నాన్నకంటే ఐదారేళ్లు చిన్న. అదే బాయిలో ఫిట్టరు. కంపెనీ జట్టులో మంచి ఆటగాడనీ, బాయిలో ఇనుపతాడు మధ్య పడి ఎడమచేతి ఉంగరం వేలు సగం తెగిపోయాక ఆట మానేశాడనీ పెద్దవాళ్లు చెప్పుకునేవారు. నేను ఎరిగేటప్పటికి ఆయన ఆడపిల్లలకు ఆట నేర్పే మనిషి. మగపిల్లలకు నేర్పేవాళ్లు ఇంకెవరో ఉండేవారు, ఆడపిల్లల్ని ఎవరూ పట్టించుకోవడం లేదని తనే పూనుకున్నారట. మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, తలకు కొబ్బరినూనె రాసి పాపిడి తీసుకుని సరిగ్గా నాలుగింటికి కోర్టుకు వచ్చేవారు. కాన్వాసు బూట్లకు సుద్ద పూసుకునేవారు. విజిల్‌ను కళ్లజోడు పెట్టెలో, బట్ట ముక్కలో చుట్టి దాచేవారు. ఆదివారం మాత్రం ఏ పనిముట్టూ ముట్టేవారు కాదు. తెల్లచొక్కా, చర్చి, ఇల్లు, అంతే. ఆట అయిపోయాక మమ్మల్నందర్నీ వాళ్ల ఇంటి అరుగు మీద కూర్చోబెడితే, ఆయన భార్య రాహేలమ్మగారు ఉడకబెట్టిన పల్లీలు, స్టీలు గ్లాసుల్లో బెల్లం టీ ఇచ్చేది. ఆ టీలో శొంఠి ఘాటు ఉండేది. ఇప్పుడు ఎంత పెట్టినా నా టీకి ఆ ఘాటు రాదు.

మా కోర్టు సిమెంటుది కాదు. కంపెనీ బాయిలర్ల నుంచి వచ్చే బూడిదను మొరంతో కలిపి, నీళ్లు చల్లి, రోలరు తిప్పి చేసిన నేల. వానాకాలంలో అది గుంటలు పడేది. అందుకని ప్రతి ఎండాకాలం, బడులు తెరవడానికి ముందు, కొత్త బూడిద పరచడం మా ఆచారం. పండగలాగే ఉండేది. ఆడపిల్లలమంతా తువాలు చుట్ట నెత్తిన పెట్టుకుని, తట్టలతో బూడిద మోసేవాళ్లం. సార్ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, ఎక్కడ పల్లం ఉందో కాలి బొటనవేలితో చూపించేవారు. ఎవరు ఎక్కువ తట్టలు మోస్తే వాళ్లే కొత్త నేల మీద మొదటి బంతి వేయాలి. వరసగా మూడేళ్లు ఆ మొదటి బంతి నాదే. నెత్తి మాడిపోయేది, మెడ పట్టేసేది, అయినా ఎవరినీ దగ్గరికి రానిచ్చేదాన్ని కాదు. మొండిదాన్నని ఊరికే అనలేదు మా అమ్మ.

ఆట అంతటిలో నాకు వచ్చిన గొప్ప విద్య ఫ్రీ త్రో. గీత మీద ఒంటరిగా నిలబడి, ఎవరూ అడ్డురాకుండా, బుట్టలోకి వేసే బంతి. అందరూ కదలకుండా చూస్తుంటారు. ఇంట్లో అన్నం ముందు కమ్ముకునే మౌనం లాంటిదే అక్కడా ఉంటుంది గానీ, ఆ మౌనాన్ని పగలగొట్టే పని నా చేతిలో ఉంటుంది. రోజుకు వంద వేసేదాన్ని. సార్ పక్కన నిలబడి ఒకటే మాట చెప్పేవారు: “చెయ్యికి నేర్పు బిడ్డా. చెయ్యి నేర్సుకున్నంక కంటి మాట ఇనకు.” వందలో ఎనభై పడ్డ రోజున ఏమీ అనేవారు కాదు, సగం వేలున్న ఆ చేత్తో నా తల మీద ఒక్కసారి తట్టేవారు. మా నాన్న నా తల మీద చెయ్యి వేసిన జ్ఞాపకం నాకు లేదు. అందుకే ఆ తట్టడం కోసం ఎంతైనా మోసేదాన్ని, ఎన్నైనా వేసేదాన్ని.

ఏటా ఖమ్మంలో జిల్లా పోటీలకు వెళ్లేవాళ్లం, ఏటా తొందరగానే ఓడి వచ్చేవాళ్లం. మాకంటే ముందు ఆడిన అక్కలప్పుడూ అంతే. ఇక్కడ కళ్లు మూసుకుని వేసే బంతులు అక్కడ ఇనుపరింగు ముందు అంచుకు తగిలి కింద పడేవి. ఇల్లందు పిల్లలకు ఖమ్మం నీళ్లు పడవని నవ్వుకునేవాళ్లం. సిమెంటు నేల, కొత్త బంతి, బస్సు ప్రయాణం, ఏదో ఒక వంక దొరికేది. నా చివరి ఏడు మాత్రం, పరుగుతోనూ పట్టుదలతోనూ, బుట్ట కిందికి దూరి దూరి వేస్తూ, ఫైనల్ దాకా వచ్చాం. ఆ ఆట చూసి రాష్ట్ర శిబిరానికి పిల్లల్ని ఎంచుతామన్నారు. బయల్దేరేముందు నాన్న నాతో ఒకే మాట అన్నాడు. “ఎంచుకుంటే పో. లేకుంటే ఇగ ఆట బందు.” నాన్న మాట తిరిగేది కాదు. హైదరాబాదు శిబిరమా, బొగ్గుల పొయ్యి ముందు కూర్చుని పెళ్లిచూపులకు ఎదురుచూడటమా అన్నది ఆ ఒక్క సాయంత్రం తేలాలి.

ఇంకా కొన్ని క్షణాల ఆట ఉందనగా మేం ఒక్క పాయింటు వెనక ఉన్నాం. నన్ను పట్టుకుని లాగినందుకు రెండు ఫ్రీ త్రోలు ఇచ్చారు. రెండూ పడితే గెలుపు. గీత మీద నిలబడి, రోజూ వేసినట్టే వేశాను. బంతి రింగు ముందు అంచుకు కొట్టుకుని నా కాళ్ల దగ్గరికే వచ్చింది. సార్ బెంచీ మీద నుంచి లేచి, “ఎత్తుకెయ్ సుగుణా, ఇంకొంచెం ఎత్తు” అన్నారు. ఆయన చెప్పిన మాట ఆయనే కాదంటున్నారు. కంటి మాట వినొద్దన్న మనిషి, చెయ్యిని మార్చమంటున్నారు. నేను వినలేదు. వేలసార్లు బుట్టలో పడ్డ చెయ్యి నాది, దాన్ని నమ్మాను. రెండోదీ అదే చోట తగిలి అలాగే పడింది.

తిరుగు బస్సులో సార్ ముందు సీట్లో కూర్చున్నారు. కిటికీలోంచి చూస్తూ ఉండిపోయారు, ఒక్కసారీ వెనక్కి తిరగలేదు. క్వార్టర్ల దగ్గర దిగేటప్పుడు నా సంచి అందించి, మెత్తగానే అన్నారు: “చెయ్యి భయపడ్డది బిడ్డా. ఏం గాదు, పో.”

తిట్టి ఉంటే మర్చిపోయేదాన్ని. మెత్తగా అన్న మాట లోపలికి దిగి కూర్చుంది. ఆయన మాటను నమ్మినంతగా ఎవరి మాటనూ నమ్మలేదు నేను, కాబట్టి దీన్నీ నమ్మాను. శిబిరానికి నన్ను పిలవలేదు. నాన్న మళ్లీ ఆ మాటే ఎత్తలేదు, బూట్లు మాత్రం అటక మీదికి ఎక్కాయి. సాయంత్రం నాలుగింటికి బంతి చప్పుడు రెండు వీధుల అవతల నుంచి వినబడుతుంటే, చెవుల్లో దూది పెట్టుకున్నంత పని చేసేదాన్ని. సార్ ఎదురొస్తే వీధి మారేదాన్ని.

అప్పటికి ఐదారు నెలలు గడిచి ఉంటాయి. ఒక ఆదివారం, చర్చి వదిలే వేళ, సార్ మా ఇంటికి వచ్చారు. వంటింటి తలుపు సందులోంచి చూశాను. తెల్లచొక్కా, నూనె రాసిన తల, చేతిలో ఈ టేపు. ఆదివారం పనిముట్టు ముట్టని మనిషి చేతిలో టేపు ఏమిటని ఒక్క క్షణం అనిపించింది. కానీ కోపం ముందు అనుమానం ఎంతసేపు నిలుస్తుంది? ఊళ్లో లేనని చెప్పమని అమ్మకు సైగ చేశాను.

“సుగుణ లేదా అమ్మా?” అన్నారు సార్.

“లేదయ్యా. బోనకల్ పోయింది, వాళ్ల నాయనమ్మ కాడికి,” అంది అమ్మ, ఎన్నడూ అబద్ధం ఆడని మనిషి, తల దించుకుని.

ఆయన కాసేపు గడప దగ్గరే నిలబడ్డారు. “సరే. నేనొచ్చిపోయిన్నని చెప్పుండ్రి,” అని వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు. ఆ తర్వాతి ఏడు నాకు పెళ్లయింది.

తర్వాతి జీవితం గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. మా వారు మంచివారు. నేను పరీక్ష రాసి పోస్టాఫీసులో చేరాను, కల్లూరులోనే ఎక్కువ కాలం పనిచేశాను. ప్రమోషన్ పరీక్షకు రెండుసార్లు ఫారం నింపి, రెండుసార్లూ ఫీజు కట్టకుండా సొరుగులో పెట్టుకున్నాను. స్కూటరు నేర్చుకోబోయి మానేశాను. పిల్లల కోసం దవాఖానాకు పోదామని మా వారు అడిగితే, ఈ ఏడు వద్దు, ఈ ఏడు వద్దని దాటేశాను. ప్రతిసారీ ఆ మెత్తటి మాటే లోపల వినబడేది. చెయ్యి భయపడ్డది. అవును మరి, నా చెయ్యి భయపడే చెయ్యి, సార్ అంతటివాడే చెప్పాడు అనుకునేదాన్ని. మనిషి తనను గురించి ఒక తీర్పు ఒప్పుకున్నాక, దానికి సాక్ష్యాలు తనే పోగేసుకుంటుంది.

ఒకసారి కల్లూరులో ఆయన్ను చూశాను. బడి మైదానంలో ఏవో పోటీలు. నేను ఆఫీసు సంచి భుజాన వేసుకుని రోడ్డుకు ఇవతల నిలబడ్డాను. జుట్టంతా తెల్లబడింది, రిఫరీ బట్టల్లో ఉన్నారు. రెండు జట్లూ ఎండలో నిలబడి ఉంటే, ఆయన స్టూలెక్కి రింగు మీద నుంచి టేపు కిందికి వదిలి కొలుస్తున్నారు. కొలిచి దిగి, స్టూలు మోయించుకుని అవతలి రింగుకు పోయి అదీ కొలిచారు. జనం ఈలలు వేశారు. మా ఆఫీసులో పనిచేసే ఆయన, “గాయన టేపు సార్ మేడం. రింగు కొలవంది విజిల్ ఊదడు. మంత్రి వచ్చినా గంతే, నిలబెడ్తడు. జర చాదస్తం,” అని నవ్వాడు. నేనూ నవ్వాను. పైగా, “మొదటి నుంచి గంతే,” అన్నాను, నాకేదో తెలిసినట్టు. మొదటి నుంచి అలా లేదని నాకు తెలుసు. మా రోజుల్లో ఆయన ఏ రింగునూ కొలవడం నేను చూడలేదు. ఆ తేడా ఎందుకు వచ్చిందని అడగడానికి రోడ్డు దాటితే చాలు. దాటలేదు.

ఆయన పోయిన నెలకు ఒక శుక్రవారం, ఏమనుకున్నానో ఏమో, ఇల్లందు బస్సెక్కాను. బస్టాండు మారింది, క్వార్టర్లు సగం కూలగొట్టారు, మా వరస ఉన్నచోట తుమ్మచెట్లు లేచాయి. కోర్టు ఉన్న జాగాలో ఇప్పుడు లారీలు నిలబెడుతున్నారు. బొగ్గుల పొయ్యి పొగ ఎక్కడా లేదు. అందరి ఇళ్లలోనూ గ్యాసే, మంచిదే. కానీ ఆ వాసన లేని ఇల్లందులో నేను దారి తప్పినదానిలా తిరిగాను. రాహేలమ్మగారు ఊరి చివర సొంత ఇంట్లో ఉంది. ఎనభై దాటింది, నడుము వంగింది, చూపు మాత్రం బాగుంది. గుమ్మంలోనే గుర్తుపట్టింది.

“సుగుణవు గదా. రా బిడ్డా, కూసో,” అంది. ఎందుకు రాలేదని అడగలేదు. టీ పెట్టింది. అదే శొంఠి. గ్లాసు పట్టుకుని, గోడకున్న సార్ ఫొటో కింద మేకుకు వేలాడుతున్న టేపును చూస్తూ, “ఆ టేపు ఇంకా ఉన్నదా అమ్మా” అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది. “నీకు ఎవ్వరు చెప్పలేదా?”

“ఏంది?”

“నువ్వు ఓడిపోయొచ్చిన ఏడు, రింగు ఎనక పాత చెక్కబోర్డును చెదలు తిన్నయ్. కొత్తది చేపియ్యనీకి కొలత తీస్కుందామని శనివారం పొద్దుమూకి పోయిండు సార్. రింగు మీదికెల్లి టేపు ఇడిస్తే తొమ్మిదడుగుల తొమ్మిదంగుళాలే ఉన్నదట. పదడుగులు ఉండాలె. మూడుసార్లు కొలిచిండు. ఇంటికొచ్చి బువ్వ ముట్టలే. ‘రాహేలూ, ఏటా ఇంత బూడిద, ఇంత బూడిద అని నేలను లేపుకుంట పోయినం, రింగును గక్కడ్నే ఉంచినం. నేనొక ఫిట్టర్ని, నాకు సోయి లేకపాయె. ఆ పిల్ల చెయ్యి భయపడలే. నేర్సుకున్న ఎత్తుకే ఏసింది. తప్పు కొలతకు నేర్పినోణ్ని నేను’ అన్నడు.”

నేను గ్లాసు కింద పెట్టేశాను. మూడంగుళాలంటే నాలుగు వేళ్లు. ఇక్కడి నేల మీద బుట్టలో పడే బంతి, ఖమ్మంలో సరిగ్గా నాలుగు వేళ్లు కిందికి పోయి ఇనుప అంచుకు తగిలింది. ఆ నాలుగు వేళ్ల ఎత్తు ఎక్కడి నుంచి వచ్చింది? ఏటేటా పోటీపడి నా నెత్తి మీద నేను మోసిన బూడిదలోంచి వచ్చింది. తట్ట మీద తట్ట, మొదటి బంతి నాదే కావాలని.

“తెల్లారి చర్చి ఇడ్వంగనే మీ ఇంటికొచ్చిండు,” అంది రాహేలమ్మగారు. “నీకు టేపు చూపిచ్చి చెప్తనని. నువ్వు లేవన్నరట.”

“ఉన్ననమ్మా. వంటింట్ల ఉన్న.”

“తెల్సు బిడ్డా. గడప కాడ నీ చెప్పులు చూసిండు.”

“మళ్లెందుకు రాలేదమ్మా?”

“అడిగిన. ‘నా మొకం చూడొద్దనుకున్నది, చెప్పి ఏం తిరిగి ఇయ్యగల్గుతా’ అన్నడు. ఇయ్యాల పోదాం, రేపు పోదాం అన్కుంట నీ పెండ్లి గూడ అయిపాయె. భయమే, ఇంకేంది. గంతమంది మీద విజిల్ ఊదెటోడు, నీ గడప మళ్ల తొక్కలేకపాయె.” ఆమె లేచి మేకు మీది టేపు తీసి, కొంగుతో తుడిచి, నా చేతిలో పెట్టింది. “అడివి పక్క హాస్టల్ బడి ఒకటున్నది, ఆడపిల్లలది. చివరి దాంక శనివారం శనివారం బస్సెక్కి ఆడికే పోయిండు. రేపు ఆ పిల్లలకు ఆట ఉన్నదట. కొలవనీకి ఎవ్వరు లేరు. నువ్వు పో.”

ఆ పూట అక్కడే తిని పడుకుని, మర్నాడు పొద్దున్న భద్రాచలం వైపు పోయే బస్సెక్కాను. బడి రోడ్డుకు ఆనుకునే ఉంది, మైదానం వెనక నుంచి టేకు అడవి మొదలవుతుంది. పిల్లలు వాళ్లలో వాళ్లు కోయ భాషలో మాట్లాడుకుంటున్నారు, నన్ను చూడగానే తెలుగులోకి మారారు. పీఈటీ మేడం చిన్నపిల్ల, ఉద్యోగంలో చేరి రెండేళ్లు కూడా కాలేదు. సార్ దగ్గర ఒకప్పుడు ఆడినదాన్నని చెప్పుకున్నాను. ఆమె సంతోషపడి కోర్టు చూపించింది. ఎర్రగా, నున్నగా, కొత్తగా ఉంది.

“సార్ పేరు మీద ఆట కదా మేడం. పిల్లలే వారం రోజులు మొరం మోసి కొత్తగా పరిచిన్రు,” అంది.

వెంటనే స్టూలు తెప్పించమన్నాను. ఈ వయసులో స్టూలెక్కడం డాక్టరు చూస్తే ఒప్పుకోడు. ఇద్దరు పిల్లలు నా నడుము పట్టుకున్నారు, నాగమణి అనే సన్నటి పొడుగాటి పిల్ల కింద కూర్చుని టేపు కొసను నేలకు ఆనించింది. కొలత స్పష్టంగానే కనిపించింది. పది అడుగులకు వేలెడు తక్కువ. అవతలి రింగు వేలున్నర.

“ఈ కొత్త మొరం తీసెయ్యాలె,” అన్నాను.

“ఇప్పుడా మేడం? అవతలి జట్టు వచ్చి కూసున్నది,” అంది పీఈటీ మేడం. ఇల్లందు నుంచి వచ్చిన జట్టు వేపచెట్టు కింద విసుక్కుంటోంది. వాళ్ల కోచ్ వాచీ చూపించాడు. నేను జీవితంలో ఎవరినీ నిలబెట్టినదాన్ని కాదు, క్యూలో నా ముందు దూరినవాణ్ని కూడా ఏమీ అనను. ఆ రోజు మాత్రం, “కొలత సరైందాంక ఆట లేదు. జల్దీ కావాల్నంటే మీ పిల్లల్ని గూడ పారలు పట్టమను” అన్నాను. కాసేపు గొణిగి, వాళ్లూ పట్టారు. రెండు బుట్టల కింద నుంచీ గీతల దాకా మొరం గోకి, ఎత్తి, గట్టు మీద పోశారు. రోలరు తిప్పారు. మళ్లీ ఎక్కి రెండు రింగులూ కొలిచాను. పది అడుగులు. దిగుతుంటే వెనక నుంచి ఎవరో ‘టేపు మేడం’ అన్నారు, కొందరు కిసుక్కుమన్నారు. తిరిగి చూడలేదు. కళ్లు తడిగా ఉన్నాయి, అందుకని.

ఆట హోరాహోరీగా జరిగింది. ఆఖర్లో మన పిల్లలు ఒక్క పాయింటు వెనక, నాగమణికి రెండు ఫ్రీ త్రోలు. ఇది నేను కల్పించి రాస్తున్నాననుకుంటారు. ఆట అన్నాక ఇలాంటి క్షణం ఏదో ఒక ఊళ్లో రోజూ వస్తూనే ఉంటుంది, నేను చూడటం మానేశాను, అంతే. మొదటిది పడింది. రెండోది రింగు మీద ఒకసారి ఆడి, పక్కకు జారింది. పొడిగించిన ఆటలో మన పిల్లలు ఓడిపోయారు.

అందరూ పులిహోర పొట్లాల కోసం వెళ్లాక నాగమణి స్తంభానికి ఆనుకుని మోకాళ్లలో తల పెట్టుకుని కూర్చుంది. వెళ్లి పక్కన కూర్చున్నాను. ఏం గాదులే అని మెత్తగా అనడం ఎంత ప్రమాదమో నాకంటే తెలిసినవాళ్లు లేరు.

చివరికి ఆ పిల్లే అడిగింది. “మేడం, రింగు సరిగ్గనే ఉన్నదా?”

“సరిగ్గ పదడుగులు. నేనే కొలిచిన, నువ్వే కింద పట్టుకున్నవ్.”

“అంటే తప్పు నాదే.”

“అవ్ బిడ్డా. నీదే.”

ఆమె ముక్కు చేత్తో తుడుచుకుని కాసేపు రింగు వైపు చూసింది. “చెయ్యి కొంచెం పక్కకు పోయింది మేడం. నాకెరుకే అయింది ఇడిసేటప్పుడు. రేపటి సంది ఇంకో వంద ఎక్కువ వేస్త,” అని లేచి, బంతిని నేలకు రెండుసార్లు కొట్టుకుంటూ పులిహోర దగ్గరికి వెళ్లిపోయింది.

నేను అక్కడే కూర్చుండిపోయాను. ఇంత చిన్న విషయం. తప్పు తనదని తెలిసిన పిల్ల ఎంత తేలిగ్గా లేచి వెళ్లిందో చూశాను. ఆయన అన్నేళ్లు, ఊరూరా, ఎండలో స్టూలెక్కి, నవ్వులు పడి, ఒక్కో పిల్లకూ ఇచ్చింది ఇదే. నాకు ఇవ్వలేకపోయింది కూడా ఇదే. ఇవ్వడానికి మా గడప దాకా తెచ్చారు, నేను తీసుకోలేదు. మైదానం ఖాళీ అయ్యాక టేపు పిడి తిప్పుతూ లోపలికి చుట్టాను. “ఇంట్లనే ఉన్న సార్,” అన్నాను, పైకే. ఎవరూ లేరు కాబట్టి ఎవరూ వినలేదు. బయటికి లాగిన పది అడుగులూ చుట్టేసరికి బస్సు హారన్ వినిపించింది, లేచాను.